నేను చలి అన్లేదు

బాలమ్మ నాలుక చివర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ప్రగతి నగర్ మలుపులో, తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకునేదాకా షేర్ ఆటో అతను అర నిమిషం ఆగితే "సల్లగుండు కొడుకా" అనేది. బస్సులో ఎవరైనా కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చినా అదే మాట. మనుషులతోనే అనాలని లేదు. నేల తుడిచే కొత్త మాపు మొదటి రోజు నీళ్లు బాగా పీల్చుకుంటే మాపుతో అనేది. ఎండలో బస్సు కోసం నిలబడినప్పుడు మబ్బు తునక ఒకటి వచ్చి నెత్తి మీద ఆగితే ముఖం పైకెత్తి మబ్బుతో అనేది. ఇందులో భక్తి ఏమీ లేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చేది. అన్న తర్వాత మాత్రం ఒళ్లు కొంచెం తేలికయ్యేది. ఒకరి దగ్గర ఏదో తీసుకున్నానన్న బరువు పోయి, తానే ఏదో ఇచ్చినట్టుండేది. నలభై ఎనిమిదేళ్ల బతుకులో ఆమె ధారాళంగా ఇవ్వగలిగింది ఆ ఒక్కటే. అందుకని దాన్ని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తన ఇష్టం అనుకునేది.

పని రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గరి అద్దాల టవర్లలో ఒకదాని తొమ్మిదో అంతస్తులో. హౌస్‌కీపింగ్. పొద్దున ఏడింటికి ఆమె వచ్చేసరికి ఆ అంతస్తులో సెక్యూరిటీ మొగిలి తప్ప మరో మనిషి ఉండడు. ఆ గంటన్నర ఆమెది. కిటికీల వైపు నుంచి నేల తుడుచుకుంటూ వచ్చి, చివర మాపు కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి, నేల ఆరడం చూసేది. తడి అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. మధ్యలో చిన్న మడుగు ఆకారం ఒకటి మిగులుతుంది. దాని మీద ఎండ పడి ఒకసారి మెరుస్తుంది, తర్వాత నేల దాన్ని గుటకేసినట్టు మింగేస్తుంది. రోజూ చూసేదే. అయినా ఆ గుటక దగ్గర ఆమెకు గొంతులో హాయిగా ఉండేది.

"ఏం చెల్లె, నేలతోని ముచ్చట వెడుతున్నవా? అది పర్మినెంటా, కాంట్రాక్టా?" అనేవాడు మొగిలి లిఫ్టు దగ్గరి తన కుర్చీలోంచి.

"నేల పర్మినెంటే అన్నా. తుడ్శేటోళ్లమే కాంట్రాక్టు."

సంగతి మొదలైంది ఒక కాఫీ కప్పుతో. నీహారిక అని హెచ్‌ఆర్‌లో ఒక అమ్మాయి ఉంది. కాకినాడ వైపు మనిషి, ఇరవై ఆరేళ్లు ఉంటాయి, ప్యూన్‌ను కూడా అండీ అంటుంది. ఒక పొద్దున పాంట్రీలో ఆమె చెయ్యి తగిలి కాఫీ కప్పు కింద పడింది. మామూలుగా అలాంటప్పుడు "హౌస్‌కీపింగ్" అని ఒక కేక వినపడుతుంది, ఆ మడుగును దాటుకుని పది జతల బూట్లు వెళ్లిపోతాయి. ఆ రోజు కేక వినపడలేదు. బాలమ్మ బకెట్టు తోసుకుంటూ వెళ్లేసరికి ఆ పిల్ల మంచి చుడీదార్‌తో నేల మీద మోకాలు ఆనించి, కాగితపు రుమాళ్లతో మూల మూలా తుడుస్తోంది. బాలమ్మ మేడం అనడం మరిచిపోయింది.

"సల్లగుండు బిడ్డా" అంది.

నీహారిక తలెత్తి, "అయ్యో, అవునాండీ? నాకూ అలాగే ఉంటుంది" అంటూ రెండు చేతులతో భుజాలు రుద్దుకుంది. ఆ జవాబు బాలమ్మకు అర్థం కాలేదు. చదువుకున్న పిల్లలు ఏదో అంటారులే అనుకుని ఊరుకుంది.

రెండు రోజుల తర్వాత తొమ్మిదో అంతస్తులో ఏసీ తగ్గిపోయింది. ఇరవై రెండు మీద ఉండేదాన్ని ఇరవై ఆరు మీద పెట్టారని మొగిలి చెప్పాడు, ఎవరో చలి అని కంప్లైంట్ ఇచ్చారట. కిటికీ పక్కన కూర్చునే అవినాష్ అనే టీం లీడరు ఇంటి నుంచి చిన్న ఫ్యాను తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. అందరికంటే కష్టం బాలమ్మకు వచ్చింది. ఏసీ గాలి తగ్గేసరికి నేల ఆరడం లేదు. తుడిచిన చోటల్లా అడుగుల ముద్రలు పడేవి, మళ్లీ తుడవాల్సి వచ్చేది. పొద్దుటి ఆ గుటక కూడా పోయింది, తడి ఎటూ కాకుండా మబ్బు పట్టినట్టు పడి ఉండేది. కంప్లైంట్ ఇచ్చిన ఆ మహాతల్లి ఎవరో గానీ ఆమెకు గొంగడి కప్పి మే నెల ఎండలో కూర్చోబెట్టాలని బాలమ్మ వారం రోజులు మొగిలి దగ్గర తిట్టింది.

ఆ మహాతల్లి తానేనని మంగళవారం తెలిసింది.

చెప్పినవాడు రాజేందర్. హౌస్‌కీపింగ్ మనుషులను పంపే ఏజెన్సీకి సూపర్‌వైజరు, సిద్దిపేట దిక్కువాడు. రెండు ఫోన్లు, ఎప్పుడూ ఒకటి మోగుతూనే ఉంటుంది. ఆఫీసులో ఆ వారం కృతజ్ఞతల వారం జరుగుతోంది. గోడ మీద రంగు రంగుల చీటీలు అంటించారు, రోజుకు మూడు చిన్న సంతోషాలు రాయాలట. శుక్రవారం వీడియో తీస్తారట. అందులో హౌస్‌కీపింగ్ నుంచి ఒకరు మాట్లాడాలి, అది బాలమ్మే కావాలని పైనుంచి చెప్పారని రాజేందర్ పండగ కబురు తెచ్చినవాడిలా చెప్పాడు. ఆమె చలి అని ఒక్క మాట అంటే కంపెనీ ఆ మాట విని అంతస్తు మొత్తానికి ఏసీ మార్చింది, ఇలాంటి కంపెనీ ఎక్కడుంటుంది అని. ఆమె చెప్పాల్సింది ఫోన్‌లో రాసుకొచ్చాడు. చదివాడు.

"నాకు చలి పెడుతుందంటే కంపెనీ విన్నది. నేను కంపెనీకి జన్మంతా రుణపడి ఉంటాను. ధన్యవాదాలు. గంతే, మూడు ముక్కలు."

బాలమ్మకు ముందు నవ్వొచ్చింది. ఆ పిల్ల భుజాలు రుద్దుకోవడం గుర్తొచ్చింది. సల్లగుండు అంటే సల్లగుంది అని విన్నదన్నమాట. పాపం, తెలంగాణలో చల్లను సల్ల అంటారని నేర్చుకుని, ఆ నేర్చుకున్నది ఇక్కడ వాడింది. నవ్వు అయిపోయాక లోపల ఎక్కడో గట్టిపడింది.

"నేను చలి అన్లేదు" అంది.

"అంటివో అనకపోతివో, ఇగ అన్నట్టే. కంపెనీల కాయితం మీదికి ఎక్కింది."

"ఏసీ తగ్గియ్యమని నేనడిగిన్నా? నేల ఆరక నేనే పరేషాన్ అయితున్న. లేని మాట చెప్పి దండం వెట్టమంటవా?"

రాజేందర్ రెండో ఫోన్ కూడా జేబులో పెట్టుకున్నాడు. ఏజెన్సీ కాంట్రాక్టు ఈ నెలలోనే మళ్లీ రాసుకోవాలనీ, ఇలాంటప్పుడు మొండితనం పనికిరాదనీ నచ్చజెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపేసరికి, శుక్రవారం చెప్పకపోతే సోమవారం నుంచి పుప్పాలగూడ సైటుకు పంపిస్తానన్నాడు. అక్కడ పని బేస్‌మెంట్ పార్కింగ్‌లో, భూమి కింద మూడంతస్తులు. కిటికీ ఉండదు, నేల కడిగితే ఎప్పుడు ఆరిందో చూసే వెలుతురు కూడా ఉండదు.

ఇంటికి వెళ్లి భర్త స్వామికి చెప్పింది. తాపీ పని చేసి వచ్చిన ఒంటి మీద ఇంకా సిమెంటు పొడి ఉంది. అతను అంతా విని, "నోటికేం బరువే? అని రారాదు" అన్నాడు. అతను అన్నది నిజమే. బాలమ్మ అబద్ధం ఆడని మనిషేమీ కాదు. కిరాయి అడగడానికి వచ్చిన ఇంటాయనతో స్వామి ఊళ్లో లేడని, వంటింట్లో అతను దగ్గుతుండగానే చెప్పిన మనిషి. మరి ఈ మూడు ముక్కలు ఎందుకు గొంతు దాటవు? అన్నం కలుపుతూ దాని గురించే ఆలోచించింది. ఆ అబద్ధాలు తన అవసరానికి తన నోట్లోంచి బయటికి పోయినవి. పోయాక వాటితో తనకు పని లేదు. ఇది అలాంటిది కాదు. ఇది బయటి నుంచి లోపలికి వచ్చి కూర్చునేది. కూర్చున్నాక, అక్కడ ముందు నుంచీ ఉన్న మాటను లేవగొడుతుంది.

అప్పుడు నాయనమ్మ గుర్తొచ్చింది. జనగామ దగ్గరి ఊళ్లో, బాలమ్మకు ఆరేడేళ్ల వయసులో, దొర ఇంట్లో పెళ్లికి నాయనమ్మ ఇత్తడి బిందె అడిగి పట్టుకుపోయారు. నాలుగు నెలలు తిరిగి రాలేదు. ఒకరోజు దొర గడీ ముందు నుంచి పోతుంటే జీతగాడు బిందె తెచ్చి మెట్టు మీద పెట్టాడు. నడుము మీద సొట్ట పడి ఉంది. నాయనమ్మ నేలకు వంగి, మట్టి తాకి, "కాల్మొక్త బాంచెన్" అంది. పిల్ల బాలమ్మ, బిందె మనదే కద అని పైకే అడిగింది. నాయనమ్మ చెంప మీద కొట్టింది. అదే నాయనమ్మ, కాల్లో ముల్లు తీసిన పిల్లగాడితో, ఈనిన మేకతో, నాట్లు పడ్డాక వచ్చిన మొదటి వానతో సల్లగుండమని అనేది. ఒకే నోరు. ఒక మాటకు నడుము వంగేది, ఇంకో మాటకు చెయ్యి పైకి లేచేది. తన బిందె తనకు ఇచ్చినందుకు మొక్కిన మాటకూ, ముల్లు తీసినందుకు దీవించిన మాటకూ మధ్య ఎంత దూరం ఉందో ఆ చెంపదెబ్బ చెప్పింది. అది అర్థం కావడానికి బాలమ్మకు నలభై ఏళ్లు పట్టింది.

శుక్రవారం పాంట్రీలో కెమెరా పెట్టారు. రెండు లైట్లు, ఒక ఎత్తు స్టూలు. ఏసీ ఇరవై ఆరు, పైగా లైట్ల వేడి. చూడటానికి వచ్చిన ఇరవై మందీ కాగితాలతో విసురుకుంటున్నారు. రాజేందర్ వెనక నిలబడి ఫోన్‌లోని ముక్కలు పెదాలతో అందిస్తున్నాడు. నీహారిక పక్కన నిలబడి, భయపడొద్దండీ, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండీ అంది.

బాలమ్మ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"మొన్న ఈ బిడ్డ కాఫీ ఒలకవోసుకున్నది. నన్ను పిలువలే. మోకాలు కింద వెట్టి తనే తుడ్సుకున్నది. నా పాణం సల్లవడ్డది. సల్లగుండు బిడ్డా అని దీవించిన. నేను చలి అన్లేదు. ఏసీ తగ్గించుడు నాకెర్కనే లేదు."

వెనక నుంచి అవినాష్ గొంతు వినపడింది, "అంటే రెండు వారాలుగా నాకు చెమటలు పట్టింది ఒక దీవెన వల్లనా?" ఆ మాటకు అందరూ ఒక్కసారిగా నవ్వారు. బాలమ్మ కూడా నవ్వింది. నీహారిక ముఖం ఎర్రబడింది. తన చేతిలోని కాగితం వైపు చూసుకుని, బాలమ్మ వైపు చూసి, చిన్న గొంతుతో, అయితే ఆ మాట నన్నేనా అన్నారు అని అడిగింది. నిన్నే అని బాలమ్మ చెప్పింది. ఆ పిల్ల ముఖంలో ఏదో విచ్చుకుంది. ఉద్యోగం గుర్తొచ్చి వెంటనే ముడుచుకుంది.

"పోనీ అదే మాట కంపెనీతో అనండీ. సరిపోతుంది" అంది.

బాలమ్మ నిజంగానే ఆలోచించింది. ఇవ్వగలిగితే ఇద్దామనే అనుకుంది.

"ఎట్ల అంటరు బిడ్డా? సల్లగుండు అంటే తల మీద చెయ్యి వెట్టాలె. దీని తల ఏ దిక్కున్నది?" చెయ్యి గాల్లోకి ఎత్తి, పెట్టే చోటు కోసం అటూ ఇటూ చూసింది. "ఉన్నదంత ఏసీనే. అది మనం దీవించకున్నా సల్లగనే ఉంటది."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. చాలండీ, చాలు అని నీహారిక కెమెరా అతనికి చెయ్యి చూపింది. రాజేందర్ అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. బాలమ్మ మధ్యాహ్నం తన స్టీలు గ్లాసు, టిఫిన్ డబ్బా, పాత స్వెట్టరు సంచీలో సర్దుకుంది. పుప్పాలగూడకు ఏ బస్సు పోతుందో మొగిలిని అడిగి తెలుసుకుంది. భయం లేదని కాదు. భయం ఉంది, దాని పక్కనే మరొకటి కూడా ఉంది. కడిగి బోర్లించిన గిన్నెలా శుభ్రంగా.

సోమవారం పొద్దున రాజేందర్ ఫోన్ చేసి, పుప్పాలగూడ క్యాన్సిల్, నువ్వు తొమ్మిదో అంతస్తులోనే ఉండు, వీడియో మస్తు వచ్చిందని చెప్పాడు. బాలమ్మకు నమ్మబుద్ధి కాలేదు. తాను చెప్పింది విని కూడా మెచ్చుకున్నారంటే, ఈ కంపెనీకి నిజంగా ఎక్కడో తల ఉందేమో అనుకుంటూ లిఫ్టు ఎక్కింది.

లిఫ్టు తెరుచుకునే చోట, గోడకున్న పెద్ద టీవీలో ఆమె ముఖం కనపడుతోంది. మాట్లాడుతోంది, శబ్దం లేదు. చెయ్యి గాల్లోకి ఎత్తి వెతుకుతోంది. చుట్టూ జనం సంతోషంగా నవ్వుతున్నారు. కింద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఒక వరుస పోయి ఇంకో వరుస వస్తున్నాయి.

"ఏం రాసిన్రు అన్నా?" అని మొగిలిని అడిగింది. అతను పదో తరగతి చదివినవాడు.

"ఊకో చెల్లె. ఎవలు సదువుతరు అవన్ని."

"నువ్వు సదువు."

మొగిలి టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వరుస ఆగి ఆగి చెప్పాడు. నాకు చాలా చలి పెట్టేది. నా లాంటి మనిషి మాట కూడా కంపెనీ విన్నది. నా తల మీద చెయ్యి పెట్టింది. జన్మంతా రుణపడి ఉంటాను.

రెండు నిమిషాలకు ఒకసారి అది మళ్లీ మొదటికి వస్తోంది. ఆ రోజు అందరికంటే ముందు వచ్చి లిఫ్టు లోంచి దిగిన ఒకమ్మాయి తెర వైపు చూసి, బాలమ్మ వైపు చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని "సో స్వీట్ ఆంటీ" అని వెళ్లిపోయింది. మంచి పిల్లే. అదే తట్టుకోలేకపోయింది బాలమ్మ. తిట్టినా బాగుండేది. తన నడుము కొంచెం వంగి ఉందని అప్పుడు గమనించింది. బకెట్టు బరువు కూడా లేదు చేతిలో. ఊరికే వంగింది. నాయనమ్మ నడుము అది, తన ఒంట్లోకి ఎప్పుడు వచ్చి చేరిందో.

మాట్లాడకపోతే అంతా బాగానే ఉంటుంది. కిటికీలు ఉంటాయి, పొద్దుటి గంటన్నర ఉంటుంది. కడుపులో చల్ల కదలకుండా బతకొచ్చు. ఏసీ కూడా రేపో మాపో మళ్లీ పెంచుతారు. కాదు, పెంచరు. వీడియో వేశాక ఏసీ ఎలా మారుస్తారని మొగిలి అప్పుడే చెప్పాడు కదా. ఆమె స్టోర్ రూమ్‌లోకి వెళ్లింది. లిఫ్టు ముందు పరిచిన కార్పెట్ దుమ్ము పీల్చే మిషన్ తోసుకుంటూ వచ్చింది. ఆ గోడకు ఉన్నది ఒక్కటే ప్లగ్గు పెట్టే చోటు, టీవీ కిందనే. టీవీ ప్లగ్గు పీకి మిషన్ ప్లగ్గు పెట్టింది. తెర నల్లబడింది. కార్పెట్ శుభ్రం చేయడం ఆమె డ్యూటీ. దాన్ని తప్పని ఎవరూ అనలేరు.

సోమవారం మూడుసార్లు శుభ్రం చేసింది. మంగళవారం ఐదుసార్లు. బుధవారం పొద్దున మొదలుపెట్టి ఆపలేదు. రాజేందర్ పరుగెత్తుకొచ్చాడు. మిషన్ మోతలో అరవాల్సి వచ్చింది అతనికి.

"ఏంది బాలమ్మా గిది? ఒక్క కార్పెట్ ఎన్నిసార్లు గుంజుతవ్?"

"దుమ్ము పోతలేదు సార్."

"నిన్ను కాపాడిన నేను. తెలుసా? ఇగ నాతోని కాదు. రేపటి సంది పుప్పాలగూడ."

"పోత. నీ మీద నాకేం కోపం లేదు. ఇయ్యాల్టి దాక ఈ కార్పెట్ నాది."

అతను వెళ్లి నీహారికను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె నల్ల తెరను చూసింది, గోడ దాకా పాకిన వైరును చూసింది. రాజేందర్‌ను పంపేసింది. బాలమ్మ మిషన్ ఆపింది. ఆ అక్షరాలు తాను రాసినవి కావనీ, పైవాళ్లు రాయించారనీ నీహారిక చెప్పింది. చదివినవా అని బాలమ్మ అడిగింది. చదివాను అంది. చదివి రాత్రి నిద్ర పట్టలేదని కూడా అంది. ఆ రోజు మీరన్న మాట మా అమ్మతో ఫోన్‌లో చెప్పాను అంది. బాలమ్మకు ఆ పిల్ల మీద జాలి పుట్టింది. జాలి పుట్టినా చేతిలోని మిషన్ కర్ర వదల్లేదు.

"మరి తీసెయ్యరాదు?"

"నా చేతుల్లో లేదండీ."

బాలమ్మ గోడ దగ్గరికి నడిచి, ఊడిపడి ఉన్న టీవీ ప్లగ్గును నేల మీంచి తీసింది. నల్లటి ముద్ద, మూడు ఇత్తడి కాళ్లు. అరచేతిలో పెట్టుకుని ఆ పిల్లకు చూపించింది.

"నా చేతిల ఉన్నది" అంది.

నీహారిక ఆ ప్లగ్గును చూసింది. తీసుకుంటుందేమో అనుకుంది బాలమ్మ, తీసుకుంటే ఆపే ఉద్దేశం కూడా లేదు. ఆ పిల్ల చెయ్యి చాచలేదు. ఎంతసేపు పడుతుందండీ ఇంకా, అని మాత్రం అడిగింది.

"నాలుగింటి దాక నా డ్యూటీ. రేపు ఎవలొస్తరో, వాళ్లకు మొగిలన్న చెప్తడు."

కుర్చీలో మొగిలి గోడ వైపు చూస్తూ, తనకేమీ వినపడలేదన్నట్టు టోపీ సర్దుకున్నాడు. నీహారిక గోడకు ఒదిగి నిలబడి దారి ఇచ్చింది. బాలమ్మ మిషన్ మళ్లీ నొక్కింది. మోత అంతస్తంతా నిండింది. మిషన్ పోయిన చోటల్లా కార్పెట్ నూలు లేచి ఒక పక్కకు ఒరిగి, ముదురు నీలం చారగా మారుతోంది. తిరిగి వస్తే లేత నీలం చార. ఇన్నాళ్లూ హడావిడిలో ఆమె దాన్ని సరిగా చూడలేదు. ఒక చార ముదురు, ఒక చార లేత, లిఫ్టు తలుపుల దాకా. నడుము నిటారుగా పెట్టుకుని, తొందర లేకుండా, ఒక్కో చారా చూసుకుంటూ నడిచింది.